రెండంచెల రాకెట్టు

తారాజువ్వకు వెదురుపుల్ల ఎందుకు కడతారని దీపావళినాడు పిల్లలు అడిగితే, సీసాలో నిలబెట్టడానికని చెప్పి పెద్దలు తప్పించుకుంటారు. ఎవడైనా కొంటెపిల్లవాడు ఆ పుల్లను విరిచివేసి వెలిగించినప్పుడు గాని అసలు సమాధానము బయటపడదు. జువ్వ ఆకాశానికి పోదు. వాకిట్లో గింగిరాలు తిరిగి ఎవరి పంచె అంచునో పట్టుకుంటుంది. మందుకు తోయడము మాత్రమే తెలుసు. ఎటు తోయవలెనో చెప్పేది పుల్ల. రాకెట్టు శాస్త్రములో సగము ఈ పుల్లలోనే ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

నేటి ప్రసంగములో శ్రోతలకు పరిచయము చేయదలచినది ఈ జువ్వకు దూరపు బంధువు. ప్రభుత్వాలు పంపే రాకెట్టు కాదు, ఉపగ్రహాలను మోసేదీ కాదు. అమెరికాలో ఉపాధ్యాయులు, వైద్యులు, మెకానిక్కులు, కళాశాల విద్యార్థులు వారమంతా తమ తమ పనులు చూసుకొని, సెలవు దినాలలో ఇంటి వెనుక కొట్టములో తయారు చేసుకొనే రాకెట్టు. మనిషి ఎత్తుకు మించి ఉంటుంది. కొన్ని కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. పారాచూటు విప్పుకొని తిరిగి నేలకు దిగుతుంది. దీనిని వారు ‘హై పవర్’ రాకెట్టు అంటారు. ఇందులోనే మరొక రకము ఉన్నది. ఒకదాని నెత్తిన మరొక రాకెట్టును పేర్చి, క్రిందిది తన పని ముగించి రాలిపోయిన తర్వాత పైది వెలిగేటట్లు చేస్తారు. అదే రెండంచెల రాకెట్టు. ఈ విద్యలో తలపండినవారు కూడ దానిని ఎగురవేసే రోజున కొంచెము తక్కువ మాట్లాడుతారట. దాని బలము చూచి భయపడి కాదు. ఆకాశములో, మనుష్యుల చేతికి అందని చోట, అది తనంతట తాను ఒక నిర్ణయము చేసుకోవలసి ఉన్నది. ఆ నిర్ణయమును గూర్చియే నేడు ముఖ్యముగా చెప్పదలచినాను.

ముందుగా ఈ వినోదము పుట్టిన తీరు కొంత తెలియవలె. నెబ్రాస్కా రాష్ట్రములోని నార్ఫోక్ పట్టణములో ఆర్విల్ కార్లైల్ అనే పాదరక్షల వర్తకుడు ఉండేవాడు. బాణసంచా అంటే అతనికి మక్కువ. 1954లో తన సోదరుడు రాబర్టుతో కలసి, కాగితపు గొట్టము, పల్చని రెక్కలు, లోపల ఒక పారాచూటు గల చిన్న రాకెట్టు తయారు చేసినాడు. కాలిపోయిన మందుగొట్టమును తీసివేసి క్రొత్తది దూర్చుకుంటే అదే రాకెట్టు మరల ఎగురుతుంది. 1957లో వైట్ శాండ్స్ ప్రయోగస్థలములో పనిచేస్తూ ఉండిన జి. హారీ స్టైన్ అనే ఇంజనీరు, రాకెట్టు పనిలోని భద్రతను గూర్చి ఒక పత్రికలో వ్యాసము వ్రాసినాడు. అది చదివి కార్లైల్ తన రాకెట్టు సంగతి అతనికి తెలియజేసినాడు. ఆ సంవత్సరమే అక్టోబరు 4న రష్యావారి స్పుత్నిక్ ఎగిరినది. దానితో అమెరికా పిల్లలకు రాకెట్ల పిచ్చి పట్టుకున్నది. ఇనుపగొట్టాలలో ఏదో మందు కూరి ముట్టించి వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు, కళ్లు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. ఇటువంటి సమయములో స్టైన్, కార్లైల్ ప్రభృతులు ఒక కట్టుబాటు నిలబెట్టినారు. మందు కలపడము కార్ఖానా పని. ఎగురవేసేవాడు దాని జోలికి పోరాదు. రాకెట్టు దేహము లోహముతో చేయరాదు. దూరము నుండి విద్యుత్తుతోనే వెలిగించవలె. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ అనే సంఘము కూడ 1957లోనే ఏర్పడినది. తర్వాతి కాలములో రాకెట్లు పెద్దవైనవి, కట్టుబాటు మాత్రము చాలవరకు అదే.

1980 ప్రాంతాలలో నల్లమందుకు బదులుగా మరొక ఇంధనము ఈ ఔత్సాహికులకు దొరకసాగినది. అమ్మోనియం పెర్క్లోరేటును రబ్బరు వంటి పదార్థములో కలిపి గట్టిపరచినది అది. అమెరికా అంతరిక్ష షటిల్‌కు ఇరుప్రక్కల ఉండిన ఘన ఇంధన రాకెట్లలో వాడినదీ ఈ జాతి ఇంధనమే. దీనిని ప్రేలుడు పదార్థముగా ఎంచవలెనా, కూడదా అని అక్కడి ప్రభుత్వ శాఖకును రాకెట్టు సంఘాలకును 2000లో మొదలైన వ్యాజ్యము 2009లో సంఘాల పక్షాన ముగిసినది. మన దేశములో మాత్రము ఇటువంటి మందు తయారీ గాని నిల్వ గాని ప్రేలుడు పదార్థాల చట్టము క్రిందికి వస్తుంది. కావున ఈ ప్రసంగము విని మన ఇండ్లలో ఎవరూ గొట్టము చేతబట్టవద్దని ఇప్పుడే మనవి చేస్తున్నాను.

మోటారుల శక్తిని ఇంగ్లీషు అక్షరాలతో గుర్తిస్తారు. తోపుడుబలమును అది పనిచేసిన కాలముతో గుణిస్తే న్యూటను-సెకండ్ల లెక్క వస్తుంది. ‘ఎ’ తరగతి మోటారుకు 2.5 న్యూటను-సెకండ్లు గరిష్ఠము, ‘బి’కి 5, ‘సి’కి 10. చదరంగపు గడులలో బియ్యపుగింజలు పెట్టిన కథ మనకు తెలిసినదే కదా! ఇక్కడ కూడ అక్షరము మారినప్పుడల్లా శక్తి రెట్టింపు. ‘హెచ్’ దగ్గరకు వచ్చేసరికి 320, ‘ఎల్’కు 5,120, ‘ఓ’కు 40,960. ‘హెచ్’ నుండి పైవి కొనవలెనంటే వయస్సు 18 నిండి, మెట్టు మెట్టుగా పరీక్షలు గెలువవలె. ‘జె’, ‘కె’, ‘ఎల్’ తరగతులకు వ్రాతపరీక్ష కూడ ఉన్నది. ఈ పరీక్షల పద్ధతి నాకు చాల నచ్చినది. రాకెట్టు ఎంత ఎత్తు ఎగిరినదని ఎవరూ అడగరు. పారాచూటుతో దిగి, మరల ఎగురగల స్థితిలో పరీక్షకుని చేతికి వచ్చినదా అని మాత్రమే చూస్తారు. విరిగి వస్తే పరీక్ష పోయినట్లే.

ఇక అంచెల సంగతి. ఈ మాటకు మన భాషలో మంచి చరిత్ర ఉన్నది. పూర్వము ఉత్తరాలు మోసే మనుష్యులనో గుర్రాలనో దారిలో అక్కడక్కడ సిద్ధముగా ఉంచేవారు. ఒకరు అలసిన చోట మరొకరు అందుకొనేవారు. అలసినవాడు అక్కడనే ఆగిపోతాడు. వానిని రెండవవాడు భుజాన వేసుకొని పోడు. రాకెట్టులో జరిగేది కూడ సరిగా ఇదే.

ఒక లెక్క వేసి చూతము. బయలుదేరేటప్పుడు మొత్తము 7.5 కిలోల రాకెట్టు అనుకొందాము. పై అంచె బరువు 3 కిలోలు, అందులో ఇంధనము 600 గ్రాములు. క్రింది అంచె 4.5 కిలోలు, అందులో ఇంధనము 1.2 కిలోలు. మంట సెకండుకు 2,000 మీటర్ల వేగముతో వెలువడుతున్నదనుకొందాము. ఈ జాతి ఇంధనానికి అది సుమారైన సంఖ్య. రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ అనే బడిపంతులు 1903లో ప్రకటించిన సూత్రము ఒకటి ఉన్నది. గాలి నిరోధమును, భూమ్యాకర్షణను కాసేపు మరచిపోయి ఆ సూత్రముతో గుణిస్తే, అంత ఇంధనమూ ఏదీ వదలకుండ కాల్చినప్పుడు రాకెట్టు చేరే వేగము సెకండుకు 549 మీటర్లు. అదే రెండంచెలుగా కాల్చి, మొదటిది కాలగానే మిగిలిన 3.3 కిలోల ఖాళీ దేహమును జారవిడిస్తే, మొదటి అంచె వలన 349 మీటర్లు, రెండవ అంచె వలన 446 మీటర్లు, మొత్తము 795. చిటికెడు మందు అదనముగా పోయలేదు. వట్టి గొట్టమును వదలుకొన్నందుకు దక్కిన లాభము 246 మీటర్లు! ఆచరణలో గాలి తన సుంకము తాను వసూలు చేసుకుంటుంది గనుక ఇంత వేగము దక్కదు. అయినా లాభము లాభమే.

ఈ ఉపాయము క్రొత్తదేమీ కాదు. అమెరికాలో రాబర్ట్ గోడార్డు అంచెల రాకెట్టుకు 1914లోనే పేటెంటు పొందినాడు. 1949 ఫిబ్రవరి 24న వైట్ శాండ్స్‌లో జర్మనుల వి-2 రాకెట్టు నెత్తిన వాక్ కార్పొరల్ అనే చిన్న రాకెట్టును అమర్చి ప్రయోగిస్తే, పైది సుమారు 390 కిలోమీటర్ల ఎత్తు చేరినది. మన దేశములో అంతరిక్ష ప్రయోగాలకు నాంది పలికినది కూడ రెండంచెల రాకెట్టే. కేరళ తీరాన తుంబాలో 1963 నవంబరు 21న ఎగిరిన నైకీ-అపాచీలో క్రిందిది నైకీ, పైది అపాచీ. నైకీ కాలిపోగానే గాలి దానిని వెనుకకు లాగి విడదీస్తుంది. అపాచీ కొంతసేపు మంట లేకుండ పోయి ఆపైన వెలుగుతుంది. వాతావరణ పరిశీలనకు తుంబా నుండి పంపుతూ వచ్చిన మన రోహిణి ఆర్.హెచ్.-200 రాకెట్టు కూడ రెండంచెలదే. 2022 నవంబరు 23న అది వరుసగా 200వ జయప్రదమైన ప్రయోగమును పూర్తి చేసినది.

మరల మన 7.5 కిలోల రాకెట్టు దగ్గరకు వత్తము. దానిని కట్టేవానికి మొదటి చింత జువ్వపుల్లను గూర్చినదే. ఏ రాకెట్టుకైనా రెండు బిందువులు ముఖ్యము. బరువంతా సమముగా తూగే చోటు గురుత్వకేంద్రము. ప్రక్కగాలి తగిలినప్పుడు దాని ఒత్తిడి అంతా కూడుకొని పనిచేసే చోటు పీడనకేంద్రము. గురుత్వకేంద్రము ముందు, పీడనకేంద్రము వెనుక ఉండవలె; రెంటి నడుమ కనీసము గొట్టము వ్యాసమంత ఎడము ఉండవలె. అప్పుడు ముక్కు ప్రక్కకు తిరిగినా గాలియే తోకను నెట్టి దారికి తెస్తుంది. బాణానికి ఈక కట్టేదీ, జువ్వకు పుల్ల కట్టేదీ ఇందుకే. రెండంచెల రాకెట్టులో ఈ లెక్క రెండు సార్లు తేలవలె. రెండు అంచెలు కలసి ఉన్నప్పుడు ఒకటి, పై అంచె ఒంటరిగా పోయేటప్పుడు ఇంకొకటి. క్రింది అంచెలోని బరువైన మోటారు గురుత్వకేంద్రమును తోకవైపుకు లాగివేస్తుంది. అందుచేత క్రింది రెక్కలు పైవాటికన్న పెద్దవిగా పెట్టవలసి వస్తుంది.

దేహానికి సాధారణముగా ఫైబర్‌గ్లాసు గొట్టము వాడుతారు. రెక్కను గొట్టము పైన అతికించి ఊరుకొంటే ధ్వనివేగానికి సమీపించినప్పుడు వణికి ఊడిపోతుంది. కావున గొట్టానికి సన్నని గాడి కోసి, రెక్కను లోపలి మోటారు గొట్టము దాకా దూర్చి, లోపలా వెలుపలా ఎపాక్సీ జిగురుతో గట్టు కడతారు. ఇదంతా నిదానముగా జరిగే వడ్రంగము. అసలు కష్టము రెండంచెలు కలిసే అతుకు దగ్గర ఉన్నది. క్రింది అంచె నుండి ఒక చిన్న గొట్టము పైకి లేచి పై అంచె అడుగున దూరుతుంది. అది వదులైతే రాకెట్టు నడుము విరిగినట్లు ఊగులాడుతుంది. బిగువైతే సమయానికి విడిపోదు. అగ్గిపెట్టె సొరుగు కదిలినట్లు కదలవలె. పై అంచెను పట్టుకొని లేపితే క్రిందిది జారరాదు, కొంచెము కుదిపితే జారవలె. ఈ ఒక్క అతుకును గరుకుకాగితముతో రుద్దడానికి ఒక సాయంత్రమంతా పడుతుందంటే ఆశ్చర్యము లేదు. మొదటి మోటారు ఆరగానే క్రింది అంచెకు గాలి నిరోధము ఎక్కువ గనుక అది వెనుకబడిపోతుంది. గాలిని నమ్మనివారు అతుకులో కొద్దిగా నల్లమందు పెట్టి, దానిని వెలిగించి విడదీస్తారు.

ఇప్పుడు ఆ నిర్ణయము సంగతికి వస్తున్నాను. చిన్న నల్లమందు రాకెట్లలో క్రింది మందు కాలి కాలి చివరకు దాని నిప్పే పైదానికి అంటుకుంటుంది. అందులో ఆలోచనకు తావు లేదు. పెద్ద రాకెట్లలో పై మోటారును ఒక విద్యుత్ వత్తి వెలిగించవలె, ఆ వత్తికి విద్యుత్తు ఎప్పుడు పంపవలెనో లోపలనున్న ఒక చిన్న కంప్యూటరు చెప్పవలె. అంచెలు విడిపోగానే వెలిగిస్తే నష్టము. వేగము రెట్టింపైతే గాలి నిరోధము నాలుగింతలవుతుంది. దట్టమైన గాలిలో మహావేగముతో పోతున్నదానిని మరల తోస్తే ఆ తోపుడులో పెద్ద భాగము గాలితో పోరుకే ఖర్చయిపోతుంది. కొన్ని సెకండ్లు ఊరక పోనిచ్చి, వేగము కొంత తగ్గి, గాలి కొంత పలచబడిన చోట వెలిగిస్తే ఎక్కువ ఎత్తు దక్కుతుంది. అయితే ఆ ఊరక పోయే ప్రతి సెకండులోను భూమి సెకండుకు సుమారు 10 మీటర్ల వేగమును లాగివేస్తుంది. ఏ కొంచెము వాలి ఉన్నా ఆ వాలు పెరుగుతూ పోతుంది. ఎక్కువసేపు ఆగితే ముక్కు ఆకాశము వైపు కాక దిగంతము వైపు చూస్తుంది.

అటువంటప్పుడు వెలిగితే ఏమవుతుంది? రెండవ మోటారు ఇచ్చేది సెకండుకు 446 మీటర్లని లెక్కలో చూచినాము. అనగా సెకండుకు పావుమైలుకు మించిన వేగము. దానిని పైకి ఇస్తే ఎత్తు. అడ్డముగా ఇస్తే ఆ మూడు కిలోల వస్తువు మైదానము సరిహద్దు దాటి ఎవరి ఇంటి మీదనో, ఏ రహదారి మీదనో పడే గుండు. పారాచూటు సంగతి అప్పుడు తలచుకొని ప్రయోజనము లేదు. అందుచేతనే రెండవ అంచెను వెలిగించడము కన్న, వెలిగించరానప్పుడు వెలిగించకుండ ఉండడము ఎక్కువ నేర్పు అని ఈ విద్య తెలిసినవారు అంటారు.

ఆ నేర్పును యంత్రానికి ఎట్లా నేర్పుతారు? కంప్యూటరు తనను తాను కొన్ని ప్రశ్నలు వేసుకొనేటట్లు అమర్చుతారు. మొదటి మోటారు ఆరినదా? అనుకొన్న సమయానికి అనుకొన్న ఎత్తు చేరినదా? ఎత్తు తెలిసికొనడానికి గొట్టానికి చిన్న రంధ్రాలుంటాయి; వాటి గుండా లోపలి వాయుభారమాపకము బయటి గాలి ఒత్తిడిని చదువుతుంది. ఎత్తు చాలకపోతే ఎక్కడనో వాలినదన్నమాట. కాని ఎత్తు సరిపోయినా వాలి ఉండవచ్చును కదా? వాలును కొలవడములో ఒక విచిత్రమైన చిక్కు ఉన్నది. నేలమీద ఏది క్రిందు, ఏది మీదు అని బరువును బట్టి తెలుస్తుంది. మోటారు ఆరిన రాకెట్టులో ఆ బరువే తెలియదు. బావిలోకి త్రాడు తెగి పడిపోతున్న చేదలోని నీటికి చేద అడుగు తెలియనట్లే, మంట లేకుండ పోయే రాకెట్టులోని త్వరణమాపకానికి గాలి ఆపుదల తప్ప భూమి ఎటు ఉన్నదో తెలియదు. అప్పుడు పనికి వచ్చేది జైరోస్కోపు. మన సెల్‌ఫోనులలో ఉండేటటువంటి చిన్న బిళ్లే అది. రాకెట్టు పట్టామీద నిటారుగా నిలబడి ఉన్న క్షణము నుండి తాను ఎటు ఎంత తిరిగినదీ లెక్క కూడుకుంటూ పోతుంది. కళ్లకు గంతలు కట్టిన మనిషి తాను వేసిన ప్రతి మలుపును జ్ఞాపకము పెట్టుకొని తాను ఎటు తిరిగి ఉన్నాడో చెప్పినట్లు. ఎగురవేసేవాడు ముందుగా ఒక హద్దు పెడతాడు. వాలు ఆ హద్దు దాటినదంటే కంప్యూటరు వత్తికి విద్యుత్తు పంపదు. ఆ తర్వాత ఎన్నటికీ పంపదు. రాకెట్టు ఉన్న వేగముతో పోయినంత దూరము పోయి, పారాచూటు విప్పి, కాలని మోటారుతో దిగివస్తుంది. చూడవచ్చినవారికి నిరాశ కలుగవచ్చును. కట్టినవాడు మాత్రము ఆ పూట హాయిగా భోజనము చేస్తాడు.

నేలమీద కూడ ఈ వత్తి వలననే ప్రమాదము. ఆకాశములో వెలగవలసినది నిచ్చెన ప్రక్కన వెలిగితే నిచ్చెనమీది మనిషి గతి ఏమి? అందుచేత రాకెట్టు పట్టామీద నిటారుగా నిలిచేదాకా కంప్యూటరులకు విద్యుత్తు ఇవ్వరు. పని లేనివారిని ముందే దూరముగా పంపివేస్తారు. ఆ తర్వాత ఒక్కడు నిచ్చెన ఎక్కి, మీటలు ఒకటొకటిగా త్రిప్పుతూ, కంప్యూటరు చేసే కూతలు లెక్కపెట్టుకుంటాడు. ఇన్ని కూతలైతే వత్తి తీగ సరిగా ఉన్నదని, ఇన్నైతే తెగినదని అర్థము. పై మోటారు వత్తిని కలిపే మీటను అన్నిటికన్న చివర త్రిప్పుతారు. రేడియోలో పనిచేసేవారికి ఈ దృశ్యము కొంత పరిచితమే. ఎఱ్ఱదీపము వెలిగిన తర్వాత స్టూడియోలో ఎవరూ కుర్చీ జరపరు.

ప్రయోగస్థలాలలో పేరుపొందినది నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారి. సముద్రమట్టానికి సుమారు 1,190 మీటర్ల ఎత్తున, ఎండిపోయిన పురాతన సరస్సు అడుగు అది. చదునుగా, తెల్లగా, చెట్టు చేమ లేకుండ కనుచూపు మేర పరచుకొని ఉంటుంది. 2004 మే 17న ఔత్సాహికుల బృందమొకటి ఇక్కడ నుండి పంపిన రాకెట్టు 100 కిలోమీటర్లు దాటి అంతరిక్షపు గడప త్రొక్కినది; అది ఒకే అంచెది. ఇట్టి చోట కూడ విమానాలు తిరిగే ఆకాశములోకి రాకెట్టు పంపడానికి ప్రభుత్వ విమానయాన శాఖ అనుమతి కావలె. గాలి గంటకు 20 మైళ్లు మించరాదు. పట్టా నిటారు నుండి 20 డిగ్రీలకు మించి వాలరాదు. మనము లెక్క వేసిన రాకెట్టులోని రెండు మోటారులూ కలిపితే 3,600 న్యూటను-సెకండ్లు, అనగా ‘ఎల్’ తరగతి. ఒక్క అంచె రాకెట్టైతే మనుష్యులు 300 అడుగుల దూరములో నిలబడితే చాలును; అంచెలున్నదానికి 500 అడుగులు. ఆ అదనపు 200 అడుగులు పై వత్తికి చూపే మర్యాద. మైదానములో భద్రతాధికారి ఒకరు ఉంటారు. ఆయన వద్దంటే వద్దు. కారణము నచ్చకపోయినా రాకెట్టును విప్పి ఇంటికి తీసికొనిపోవలసినదే.

ఎగిరిన తీరు చెప్పడానికి పట్టినంతసేపు అది ఎగరదు. మొదటి మోటారు 800 న్యూటనుల బలముతో మూడు సెకండ్లు తోస్తుందనుకొందాము. అది రాకెట్టు బరువుకు దాదాపు పదకొండు రెట్లు. మూడు మీటర్ల పట్టాను విడిచేసరికే సెకండుకు 24 మీటర్ల వేగము అందుకుంటుంది. రెక్కలు గాలిని పట్టుకొని రాకెట్టును నిటారుగా నిలపడానికి అది చాలును. మూడవ సెకండు ముగిసేసరికి మంట ఆరిపోతుంది. సన్నని పొగ గీత చివర రెండు చుక్కలు విడిపోయినట్లు మంచి చూపు గలవారికి కనిపిస్తుంది. తర్వాత ఏమీ లేదు. లౌడుస్పీకరులో ప్రకటన చేసేవాడు కూడ నోరు మూసుకుంటాడు. అందరూ తలలెత్తి మనసులో లెక్కపెడుతూ ఉంటారు. పైన మరొక చుక్క వెలుగుతుంది. చప్పుడు వెంటనే రాదు. ఒకటిన్నర కిలోమీటరు పైన వెలిగిన మోటారు ధ్వని నేలకు చేరడానికి నాలుగు సెకండ్లకు పైగా పడుతుంది. కన్ను సంతోషించిన తర్వాత కొంతసేపటికి గాని చెవి సంతోషించదు.

దిగడములో కూడ ఒక లెక్క ఉన్నది. 4,000 మీటర్ల ఎత్తున పెద్ద పారాచూటు విప్పి సెకండుకు 5 మీటర్ల చొప్పున దిగితే 800 సెకండ్లు పడుతుంది. సెకండుకు 8 మీటర్ల గాలి ఉంటే రాకెట్టు 6.4 కిలోమీటర్ల దూరము కొట్టుకొనిపోతుంది. అందుచేత శిఖరాన చేరుమాలంత చిన్న పారాచూటు విప్పి, సెకండుకు 25 మీటర్ల చొప్పున వేగముగా దింపి, నేల 200 మీటర్ల దూరములో ఉన్నదనగా పెద్దది విప్పుతారు. అప్పుడు మొత్తము 192 సెకండ్లలో దిగుతుంది; కొట్టుకొనిపోయేది ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే.

అయినా అది ఎక్కడ పడినదో తెలియవలె కదా! ఇక్కడ మన రేడియో సాయపడుతుంది. రాకెట్టు ముక్కులో చిన్న ప్రసారయంత్రము పెడతారు. కొన్ని ఉపగ్రహాల సాయముతో తమ స్థానమును అంకెలలో చెబుతాయి. కొన్ని ఊరక ‘పీ, పీ’ మని కూస్తాయి. కూసేదానిని వెదకడానికి దిశను పట్టే ఏరియల్ చేతబట్టుకొని నడుస్తారు. శ్రోతలలో ట్రాన్సిస్టరు రేడియో గలవారు మీడియం వేవ్ స్టేషను పెట్టుకొని సెట్టును మెల్లగా చుట్టూ త్రిప్పి చూడండి. ఒక వైపున స్వరము సన్నగిల్లుతుంది, మరికొంత త్రిప్పితే మరల నిండుగా వస్తుంది. లోపలి ఏరియల్ కడ్డీ కొన స్టేషను వైపు చూచినప్పుడు స్వరము తగ్గుతుంది. ఇంటిలో కూర్చుండి స్టేషను ఏ దిక్కున ఉన్నదో ఈ విధముగా తెలిసికొనవచ్చును. ఎడారిలో రాకెట్టును వెదికేవారు చేసేది ఇటువంటి పనియే. వారి ప్రసారయంత్రాలలో చాలవాటికి అమెచ్యూరు రేడియో లైసెన్సు కూడ కావలసి ఉంటుంది.

రాకెట్టు కనబడగానే పరుగెత్తి ఎత్తుకోరు. మొదట దూరము నుండి చూస్తారు. పారాచూటును విప్పే నల్లమందు రెండు చోట్లా కాలినదా, ఎక్కడైనా మిగిలినదా? పై మోటారు వెలిగినదా, వెలగక లోపలనే ఉన్నదా? వెలగకపోతే ముక్కు ఎటు తిరిగి ఉన్నదో, తోక ఎటు ఉన్నదో చూచుకొని, తోకకు ఎదురుగా పోకుండ ప్రక్కనుండి సమీపించి, మీటలు కట్టివేసి, వత్తి తీగ ఊడదీసిన తర్వాతనే చేత పట్టుకుంటారు. క్రింది అంచె తన పారాచూటుతో మరొక చోట దిగి ఉంటుంది. దానికోసము మరొకరు పోతారు. గుడారము చేరిన తర్వాత కంప్యూటరును తెరచి ఎత్తు, వేగము, వాలు గీతలు చూచుకుంటారు. ఆ సాయంత్రమే అల్యూమినియము మోటారు గొట్టమును విప్పి లోపలి మసి కడుగుతారు. మరునాటికి వదిలితే అది గట్టిపడి, మరల వాడవలసిన గొట్టము మూత ఎంత త్రిప్పినా ఊడిరాదు.